కత్తి కన్నా ముందు కూలి సంగతి చూడండి: పెరెజ్-రెవెర్తే నవలలు చదివే పద్ధతి

ఆర్తురో పెరెజ్-రెవెర్తేను చదవాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఏ పుస్తకంతో మొదలుపెట్టాలని. ‘కెప్టెన్ అలాత్రిస్తే’తో అని చెబుతాను. ఎలా చదవాలని మాత్రం ఎవరూ అడగరు. నిజానికి చెప్పవలసిందంతా అక్కడే ఉంది. నేను డిగ్రీ కాలేజీలో ఐరోపా చరిత్ర చెబుతాను. ఈ స్పానిష్ రచయిత చారిత్రక సాహస నవలలను ఇంగ్లీషు అనువాదాల్లో మా విద్యార్థుల చేత చదివిస్తూ ఉంటాను. కేవలం కత్తియుద్ధాల కోసం చదివిన పిల్లలు ఒక పుస్తకం పూర్తిచేసి, బాగుంది మేడం అని తిరిగి ఇచ్చేస్తారు. డబ్బు సంగతి పట్టుకుని చదివినవాళ్లు మాత్రం రెండోది ఎప్పుడిస్తారని వెంటపడతారు.

డబ్బు సంగతి అంటే ఇది. పుస్తకంతో పాటు ఒక పెన్సిల్ పట్టుకోండి. ప్రతి అధ్యాయం మొదట్లో, పేజీ అంచున మూడు ప్రశ్నలు రాసుకోండి. ఈ పనికి డబ్బిస్తున్నది ఎవరు? లాభపడేది ఎవరు? ఈ మనిషి ఏ గీత దాటనంటున్నాడు? పెరెజ్-రెవెర్తే నవలల్లో కథానాయకుడు దాదాపు ఎప్పుడూ ఇంకొకరి పనికి కుదిరిన మనిషే. కూలికి కత్తి దూసేవాడు, కమీషన్ మీద పాత పుస్తకాలు వెతికేవాడు, గంటల లెక్కన విద్య నేర్పేవాడు. పని ఇచ్చినవాడు నమ్మదగినవాడు కాడని అతనికి తెలుసు. తను నిలబడ్డ పక్షం ఓడిపోతుందని కూడా చాలాసార్లు తెలుసు. అయినా చేతిలో ఉన్న పనిని మాత్రం సరిగా చేస్తాడు, ఒక్క గీత దగ్గర ఆగిపోతాడు. ఆ గీత ఎక్కడుందో వెతకడమే ఈ పుస్తకాలు చదవడం.

ముందు ఆయన గురించి కొంచెం తెలిసి ఉండాలి. పెరెజ్-రెవెర్తే 1951లో స్పెయిన్ ఆగ్నేయ తీరంలో, నౌకాదళానికి పేరుపడ్డ రేవుపట్టణం కార్తహేనాలో పుట్టారు. 1973 నుంచి 1994 దాకా యుద్ధ విలేఖరి. మొదట ‘ప్వేబ్లో’ అనే దినపత్రికకు, తర్వాత స్పెయిన్ ప్రభుత్వ టెలివిజన్‌కు పనిచేశారు. సైప్రస్, లెబనాన్, ఎరిత్రియా, ఫాక్‌లాండ్స్, నికరాగువా, అంగోలా, గల్ఫ్, చివరికి క్రొయేషియా, బోస్నియా. మొదటి నవల 1986లో వచ్చింది. అంటే ఎనిమిదేళ్ల పాటు ఒక చేత్తో యుద్ధవార్తలు, ఇంకో చేత్తో నవలలు రాశారన్నమాట. ఆయన రాసిన పోరాటాల్లో జెండాలు, జయజయధ్వానాలు తక్కువ. బురద, దాహం, చేతుల వణుకు, పక్కవాడి ఊపిరి ఎక్కువ. ఇది గుర్తుంచుకుంటే ఆయన పోరాట సన్నివేశాన్ని ఎవరూ తొందరగా దాటెయ్యరు.

మొదటి పుస్తకం, మొదటి రాత్రి

‘కెప్టెన్ అలాత్రిస్తే’ 1996లో వచ్చింది. దాని వెనక సంగతి రచయితే చెప్పుకున్నారు. కూతురు కార్లోతా బడి పుస్తకంలో స్పెయిన్ స్వర్ణయుగం మొత్తం ఒక పేజీ పైచిలుకులో ముగిసిపోవడం చూసి ఆయనకు మనసు ఊరుకోలేదు. సెర్వాంతెస్, లోపె దె వేగా, కెవేదో లాంటి రచయితలు, చిత్రకారుడు వెలాస్కెజ్ బతికిన శతాబ్దం అది! ఆ లోటు తీర్చడానికి నవల మొదలుపెట్టారు. మొదటి సంపుటి మీద కూతురి పేరు కూడా ఉంటుంది. మా సిలబస్‌లో ఆ కాలానికి దక్కినది కూడా అంతే చోటు కాబట్టి, ఈ కోపం నాకు బాగా అర్థమవుతుంది.

కథ 1623లో, మాడ్రిడ్‌లో మొదలవుతుంది. రాజు నాలుగో ఫిలిప్ కుర్రవాడు. పాలన అంతా మంత్రి ఒలివారెస్ చేతుల్లో ఉంది. దియేగో అలాత్రిస్తే ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు ప్రాంతం) యుద్ధాల్లో పోరాడి వచ్చిన పాత సిపాయి. ‘కెప్టెన్’ అన్నది తోటివాళ్ల పిలుపే, అసలు హోదా కాదు. ఇప్పుడు పూట గడవడానికి కత్తిని కిరాయికి ఇస్తున్నాడు. కథ చెప్పేది ఇన్యిగో బల్బోవా. తండ్రి ఫ్లాండర్స్‌లో చనిపోతే అలాత్రిస్తే దగ్గరికి చేరిన పదమూడేళ్ల పిల్లవాడు. మొదటి వాక్యంలోనే అలాత్రిస్తే నిజాయితీపరుల్లోకెల్లా నిజాయితీపరుడు కాడు, భక్తుల్లోకెల్లా భక్తుడూ కాడు, కానీ ధైర్యవంతుడు అని చెప్పేస్తాడు. ఆ వాక్యం కింద గీత గీసుకోండి. మొత్తం వరుసకు అది కొలబద్ద.

ఇక పెన్సిల్ పని చూద్దాం. ముసుగులు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు అలాత్రిస్తేను, మలతెస్తా అనే ఇటలీ కత్తివీరుడిని ఒక ఇంటికి పిలిపిస్తారు. రాత్రిపూట మాడ్రిడ్‌లోకి వచ్చే ఇద్దరు ఇంగ్లీషువాళ్లను అటకాయించాలి. కాస్త భయపెట్టి కాగితాలు లాక్కుంటే చాలు, ప్రాణాలు తియ్యవద్దు అంటాడు ముసుగుల్లో పెద్దవాడు. అతను వెళ్లిపోయాక లోపలి నుంచి ఇంక్విజిషన్‌కు, అంటే మతం తప్పినవాళ్లను విచారించి శిక్షించే చర్చి న్యాయస్థానానికి, చెందిన సన్యాసి బొకనేగ్రా బయటికి వస్తాడు. ఇద్దర్నీ చంపెయ్యమంటాడు. ఒకే పనికి రెండు ఆజ్ఞలు, రెండు డబ్బు సంచులు. ఇక్కడ ఆగి మొదటి ప్రశ్నకు జవాబు రాయండి. డబ్బిచ్చింది ఎవరు? రాయబోయేసరికే ఆ జవాబు రెండుగా చీలిపోవడం కనిపిస్తుంది.

తర్వాత సందులో దాడి. ఇంగ్లీషువాళ్లిద్దరూ బాగానే తలపడతారు, కానీ వచ్చినవాళ్లు ఆరితేరినవాళ్లు. చావు తప్పదనిపించిన క్షణంలో ఆ ఇద్దరిలో ఒకడు ప్రాణభిక్ష అడుగుతాడు, తన కోసం కాదు, పక్కవాడి కోసం. అలాత్రిస్తే చెయ్యి ఆగిపోతుంది. ఆగడమే కాదు, మలతెస్తా కత్తికి అడ్డుపడతాడు కూడా. కూలి తీసుకున్న పని మధ్యలో వదిలేశాడు. శక్తిమంతులైన శత్రువులను కొనితెచ్చుకున్నాడు. ఎందుకంటే, తన చావుకు కాక స్నేహితుడి చావుకు భయపడ్డ మనిషిని పొడవడం అతనికి చేతకాలేదు. మూడో ప్రశ్నకు జవాబు ఇదే. ఈ సన్నివేశాన్ని నేను క్లాసులో పైకి చదివిస్తాను. చదివేవాళ్లను ఒక పని చెయ్యమంటాను: సందు బొమ్మ గీసి, ఎవరి వీపు గోడకుందో, వెలుగు ఎటునుంచి వస్తోందో, ఎడమచేతి బాకు ఎవరి దగ్గరుందో గుర్తులు పెట్టమంటాను. ఆ కాలపు కత్తివీరుడికి కుడిచేతిలో పొడవాటి కత్తి, ఎడమచేతిలో బాకు ఉంటాయి. ఆ రెండు చేతులూ వేరువేరుగా కనబడటం మొదలైతే పోరాటం గజిబిజిగా అనిపించదు.

ఆ ఇంగ్లీషువాళ్లు ఎవరో నవల దాచి ఉంచుతుంది కాబట్టి, వాళ్ల పేర్లు తెలుసుకోకుండా మొదటిసారి చదవాలనుకునేవాళ్లు ఈ పేరా వదిలెయ్యండి. ఇంగ్లండు యువరాజు చార్లెస్, అతని ఇష్టుడు బకింగ్‌హామ్ నిజంగానే 1623 మార్చిలో స్మిత్ అనే దొంగపేర్లతో, గుర్రాల మీద ఫ్రాన్స్ దాటి మాడ్రిడ్ చేరుకున్నారు. స్పెయిన్ రాజు చెల్లెలు మరియాను పెళ్లాడాలని యువరాజు పట్టుదల. నెలల తరబడి బేరాలు సాగి, చివరికి పెళ్లి కాకుండానే వెనక్కి వెళ్లాడు. 1649లో తల నరికించుకున్న మొదటి చార్లెస్ ఇతనే. వాళ్లు మొదట దిగిన ఇంగ్లీషు రాయబారి నివాసం, ఏడు పొగగొట్టాల ఇల్లు, ఇప్పటికీ మాడ్రిడ్‌లో ఉంది. అంటే నవలాకారుడు కల్పించింది ఆ ఒక్క సందులో దాడినే. చరిత్రలో ఖాళీగా ఉన్న చోటు చూసి, అక్కడ తన మనిషిని నిలబెట్టాడు. ‘త్రీ మస్కెటీర్స్’ రాసిన ఫ్రెంచి నవలాకారుడు డ్యూమా నేర్పిన విద్య ఇది.

చదివేటప్పుడు పెద్రో తెషేరా 1656లో తయారుచేసిన మాడ్రిడ్ పటాన్ని కంప్యూటర్‌లో తెరిచి పెట్టుకోండి. ఇళ్లు, తోటలు, చర్చిలు ఒక్కొక్కటీ విడివిడిగా గీసిన పటం. ఊరి కబుర్లన్నీ పుట్టే సాన్ ఫెలిపె చర్చి మెట్లు అందులో దొరుకుతాయి. ఆ చర్చిని పంతొమ్మిదో శతాబ్దంలో కూల్చేశారు కాబట్టి ఇప్పటి పటాల్లో వెతికి లాభం లేదు. పుస్తకం చివర ఉన్న పద్యాలను దాటెయ్యకండి. వాటిలో ఆ కాలపు కవులవి కొన్ని, నవలాకారుడు కల్పించినవి కొన్ని. కవి కెవేదో ఈ కథలో అలాత్రిస్తేకు స్నేహితుడు. తాగితే ఎవరితోనైనా కత్తి దూస్తాడు.

పటం ముందు కూర్చుని చదవాల్సిన పుస్తకం

రెండోది ‘ప్యూరిటీ ఆఫ్ బ్లడ్’. సాన్ హినెస్ చర్చి ముందు ఒక మేనాలో గొంతు నులిమి చంపిన స్త్రీ శవం దొరుకుతుంది. చేతిలో డబ్బుల సంచి, ఆమె ఆత్మశాంతికి పూజలు చేయించమని చీటీ. పూర్వీకుల్లో యూదులున్నారన్న ఒక్క కారణంతో ఒక కుటుంబం మీద ఎంత పని జరుగుతుందో ఈ పుస్తకం చూపిస్తుంది. పుట్టుక ఆధారంగా మనుషుల్ని వేరుచేసే లెక్కలు మనకు కొత్తవి కావు కాబట్టి, ఇంక్విజిషన్ అధ్యాయాలు మా పిల్లలు ఊపిరి బిగబట్టి చదువుతారు.

మూడోది, ‘ది సన్ ఓవర్ బ్రెదా’, నాకు అన్నిటికన్నా ఇష్టం. దీన్ని ఒంటరిగా చదవకూడదు. పక్కన, డచ్చి పట్టణం బ్రెదా స్పెయిన్‌కు లొంగిన ఘట్టాన్ని వెలాస్కెజ్ గీసిన ‘బ్రెదా లొంగుబాటు’ ఉండాలి. మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్న పెద్ద తైలవర్ణ చిత్రం. ఫోను తెర మీద కాకుండా వీలైనంత పెద్దగా చూడండి. మధ్యలో డచ్చి సేనాని జస్టిన్ తాళంచెవి అందిస్తున్నాడు. స్పెయిన్ సేనాని స్పీనోలా వంగి, అతని భుజం మీద చెయ్యి వేసి, మోకరిల్లకుండా ఆపుతున్నట్టు కనబడతాడు. కుడివైపు నిటారుగా ఈటెల వరుస, దాని ముందు ఒక గుర్రం వెనకభాగం. దూరంగా పొగ కమ్మిన నేల.

ఇప్పుడు నవల తెరవండి. 1624–25 చలికాలం. బ్రెదా చుట్టూ ముట్టడి. ఇన్యిగో సైనికుల సామాన్లు మోసే కుర్రవాడిగా వచ్చాడు. నెలల జీతం బకాయి. ఆకలి. చివరికి సైనికులు తిరగబడతారు, అదీ ఒక పద్ధతి ప్రకారం, తమ జెండా గౌరవానికి మచ్చ రాకుండా. సొరంగాల్లో, నేల అడుగున, గంధకపు పొగలో ఒకరి మీద ఒకరు పడి చంపుకునే అధ్యాయం ఉంది. అది చదివి తిరిగి చిత్రం చూడండి. వెలాస్కెజ్ గీసిన ఆ నిశ్శబ్దమైన మర్యాద ఎవరి ఒంటి మీదుగా వచ్చిందో తెలుస్తుంది.

ఒకసారి ఒక అమ్మాయి అడిగింది: “మేడం, గెలిచింది స్పెయినే కదా, అమెరికా నుంచి వెండి ఓడలు వస్తూనే ఉన్నాయి కదా, మరి వీళ్లకు జీతాలెందుకివ్వలేదు?” ఆ ప్రశ్న అడిగితే ఈ పుస్తకం అందినట్టే. వచ్చిన వెండి వచ్చినట్టు జెనోవా వడ్డీవ్యాపారుల అప్పులకు పోయేది. స్పెయిన్ రాజ్యం 1557, 1575, 1596, 1607, 1627 సంవత్సరాల్లో అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది. 1576లో జీతాలు అందని సైనికులే ఆంట్‌వెర్ప్ నగరాన్ని దోచుకుని తగలబెట్టారు. ఇక బ్రెదా సంగతి. వెలాస్కెజ్ ఈ చిత్రాన్ని 1635 ప్రాంతంలో రాజుగారి కొత్త భవనంలోని విజయాల మందిరం కోసం పూర్తిచేశాడు. 1637లో డచ్చివాళ్లు బ్రెదాను తిరిగి పట్టుకున్నారు. గోడ మీద విజయం ఉండగానే ఊరు చెయ్యి జారిపోయింది. పెరెజ్-రెవెర్తే ఎందుకు ఈ ముట్టడినే ఎంచుకున్నారో మరి వివరించక్కరలేదు.

పుస్తకం చివర రచయిత ఆడే ఆట ఒకటుంది. చిత్రకారుడికి ఆ యుద్ధం వివరాలు చెప్పింది తనేనని, కెప్టెన్‌ను కూడా ఆ గుంపులో గీశాడని ముసలి ఇన్యిగో చెబుతాడు. చిత్రంలో చూస్తే అతను లేడు. ఎందుకు లేడన్న దానికి పుస్తకం ఇచ్చే వివరణ చదివి, ఈటెల కింద ఉన్న ముఖాలను ఒక్కొక్కటీ మళ్లీ చూడండి. నేను ఇప్పటికీ చూస్తూనే ఉంటాను. పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు, పేరు లేనివాళ్లు బోలెడంత మంది.

నాలుగోది సెవిల్లె రేవులో దొంగ బంగారం కథ, అయిదోది నాటకశాలల మధ్య రాజు మీద కుట్ర, ఆరోది మధ్యధరా సముద్రంలో తెడ్ల ఓడ మీద బతుకు. వరుస తప్పకుండా చదవండి, ఎందుకంటే ఇన్యిగో పెరుగుతుంటాడు. కెప్టెన్ మీద అతని చూపు మారుతుంటుంది. మొదట దేవుడిలా కనిపించిన మనిషిలో తాగుడు, మౌనం, క్రూరత్వం ఒక్కొక్కటిగా కనబడతాయి. అలాత్రిస్తే 1643లో రొక్రువా యుద్ధంలో చనిపోతాడన్న సంగతి కూడా ఇన్యిగో ముందే చెప్పేస్తాడు. స్పెయిన్ కాల్బలం అజేయమన్న పేరు పోయిన యుద్ధం అది. ముగింపు ముందే తెలిసినా చదివించగలగడం ఈ రచయిత బలం. ఇంగ్లీషు అనువాదాల్లో మొదటివి మార్గరెట్ సేయర్స్ పెడెన్ చేశారు, చివరివి మార్గరెట్ జల్ కోస్టా. ఇద్దరూ నమ్మదగినవాళ్లే.

‘ది ఫెన్సింగ్ మాస్టర్’: ఎండాకాలంలో చదవండి

1988 నాటి ఈ చిన్న నవలను మూడు అలాత్రిస్తేల తర్వాత పెట్టుకుంటే మంచిది. మాడ్రిడ్, 1868 వేసవి. హైమే అస్తర్లోవా వయసు మళ్లిన కత్తివిద్య గురువు. పిస్తోళ్ల కాలం వచ్చేసింది. శిష్యులు తగ్గిపోతున్నారు. ఆయన మాత్రం కాచుకోవడానికి వీల్లేని ఒకే ఒక్క పోటు కోసం వెతుకుతూ, ఒక గ్రంథం రాస్తూ కూర్చున్నాడు. అదేలా దె ఒతేరో అనే యువతి వచ్చి, రెండు వందల ఎస్కూదోలు పుచ్చుకుని ఆయన నేర్పే రహస్యపు పోటు తనకు నేర్పమంటుంది. ఆడవాళ్లకు నేర్పనంటాడు. తర్వాత నేర్పుతాడు. అక్కడినుంచి కథ బిగుస్తుంది.

దీన్ని చదివే కిటుకు అధ్యాయాల పేర్లలో ఉంది. అవన్నీ కత్తివిద్యలోని పట్టుల పేర్లే. మోసపు దాడి, పొట్టి పోటు, అలా. ప్రతి పేరునూ కాగితం మీద రాసుకుని, అధ్యాయం పూర్తయ్యాక అడగండి: ఈ పట్టు ఇక్కడ ఎవరు ఎవరి మీద వేశారు? చాలాసార్లు అది కత్తితో కాదు, మాటతో, చూపుతో, ఒక ఉత్తరంతో. మధ్యలో హోటల్లో పెద్దమనుషులు రాణి గురించి, తిరుగుబాటు గురించి వాదించుకుంటుంటారు. గురువుకు అదంతా చెవికెక్కదు. ఆ వాదనలను మీరు మాత్రం వదలకండి. ఆ సెప్టెంబరులోనే రెండో ఇసబెల్ రాణి సింహాసనం పోగొట్టుకుని ఫ్రాన్స్‌కు పారిపోయింది. రాజకీయం తనకు పట్టదనుకున్న మనిషి ఇంట్లోకి రాజకీయం ఏ తలుపు గుండా వచ్చిందో వెతకడమే ఈ నవలలో మన పని.

‘డ్యూమా క్లబ్’కు ముందు డ్యూమాను చదవాలి

ఇక్కడ నేను గట్టిగానే చెబుతాను. ‘త్రీ మస్కెటీర్స్’ చదవకుండా ‘డ్యూమా క్లబ్’ తెరవవద్దు. సంక్షిప్తం కాదు, పూర్తి పుస్తకం చదవండి. ముఖ్యంగా అందమైన మాయలాడి గూఢచారి మిలేడీ వచ్చే అధ్యాయాలు, ప్రతినాయకుడు రోష్‌ఫోర్ ముఖం మీద గాటు, ‘ఆంజూ ద్రాక్షసారా’ అనే నలభై రెండో అధ్యాయం గుర్తుండాలి. ఎందుకంటే 1993 నాటి ఈ నవలలో లూకాస్ కోర్సో చేతికి వచ్చేది ఆ అధ్యాయం రాతప్రతే. కోర్సో అరుదైన పుస్తకాల వేటగాడు. గుడ్డ సంచి, మాసిన కోటు, జిన్ను. అడిగినవాడికి అడిగిన పుస్తకం వెతికి పెట్టడం వృత్తి. అతనికి రెండో పని కూడా తగులుతుంది. 1666లో వెనిస్‌లో అచ్చయిన, సైతానును పిలిచే పుస్తకం ఒకటి ఉంది. అచ్చువేసినవాడిని తగలబెట్టేశారు. మిగిలిన ప్రతులు మూడు, ఒకటి తొలేదోలో, ఒకటి పోర్చుగల్‌లో, ఒకటి పారిస్‌లో. వాటిలో అసలుది ఏదో తేల్చాలి. (ఆ పుస్తకం, ఆ ముద్రాపకుడు నవలాకారుడి కల్పన.)

ఆ పుస్తకంలోని తొమ్మిది చెక్కుడు బొమ్మలు నవలలోనే అచ్చువేసి ఉంటాయి. పెదవి మీద వేలు పెట్టుకుని కోట వైపు వెళ్లే గుర్రపురౌతు, చేతిలో తాళంచెవులున్న సన్యాసి, డబ్బు లెక్కపెట్టే పిసినారి పక్కన ఇసుక గడియారం పట్టుకున్న మృత్యువు. మూడు ప్రతుల్లోనూ బొమ్మలు ఒకేలా కనబడతాయి, కానీ ఒకేలా ఉండవు. ఒకచోట తాళంచెవులు వేరే చేతిలో, ఒకచోట ఇసుక పైగదిలో, ఇంకొకచోట కిందిగదిలో. కోర్సో తేడాలు పట్టుకుని పట్టిక వేసుకునే లోపే మీరే పట్టుకోవాలి. అందుకు రెండు కాగితపు చీటీలు పేజీల మధ్య పెట్టుకుని, జంట బొమ్మల మధ్య ముందుకీ వెనక్కీ తిప్పండి. కాగితపు పుస్తకమైతేనే ఇది కుదురుతుంది. ఫోనులో చదివితే ఈ నవల సగం పోతుంది. మా విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూర్చుని బొమ్మలు పోలుస్తుంటే స్టాఫ్ రూములో ఉన్నవాళ్లు కూడా వచ్చి చూస్తారు.

ఈ నవలలో అసలు పరీక్ష కోర్సోకు కాదు, మనకే. ఎక్కువ నవలలు చదివినవాడు ప్రతిచోటా నవలే చూస్తాడు. డ్యూమా దారి, సైతాను దారి ఎక్కడ కలుస్తాయో అని కోర్సోతో పాటు మనమూ తహతహలాడతాం. అసలు కలుస్తాయా అన్న అనుమానాన్ని పెన్సిల్‌తో రాసుకుంటూ ఉండండి. డ్యూమా ఒంటరిగా రాయలేదని, ఒగూస్త్ మాకే అనే సహ రచయిత ఉన్నాడని, ‘త్రీ మస్కెటీర్స్’ 1844లో పారిస్ పత్రికలో సీరియల్‌గా వచ్చిందని ఇందులో చర్చ జరుగుతుంది. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక వారపత్రికల్లో సీరియల్ నవలల కోసం వారమంతా ఎదురుచూసిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. అధ్యాయం చివర పాఠకుణ్ణి ఎక్కడ వదిలిపెట్టాలన్న లెక్క మనకు విడమరిచి చెప్పనక్కరలేదు.

మిగిలినవాటిలో ఏది ఎవరికి? సముద్రం ఇష్టమైతే ‘ది నాటికల్ చార్ట్’, 1767లో మునిగిన ఓడ కోసం వెతుకులాట. పెద్ద కాన్వాసు కావాలంటే ‘ది సీజ్’, 1811–12లో ఫ్రెంచి ఫిరంగుల కింద కాదిజ్ నగరం, అందులో వరుస హత్యలు. ఓపికగా చదివేవాళ్లకే ఇవ్వండి, మొదటి వంద పేజీలు నెమ్మదిగా సాగుతాయి. ‘ది పెయింటర్ ఆఫ్ బాటిల్స్’ సాహస నవల కాదు. యుద్ధ ఛాయాగ్రాహకుడొకడు పని మానేసి సముద్రపు ఒడ్డున పాత గోపురం లోపలి గోడ మీద యుద్ధచిత్రం వేస్తుంటాడు. అతను తీసిన ఫొటో వల్ల జీవితం నాశనమైన ఒక క్రొయేషియా సైనికుడు వచ్చి, నిన్ను చంపడానికి వచ్చానంటాడు. రచయిత విలేఖరిగా గడిపిన ఇరవై ఒక్క ఏళ్లకు జవాబు చెప్పుకున్న పుస్తకం. కనీసం అయిదు నవలలు చదివాకే దీని దగ్గరికి వెళ్లండి.

ఒక లోపం గురించి చెప్పకపోతే అన్యాయం. మొదటి నవలల్లో స్త్రీలు చాలామంది మిలేడీ నీడలే. అందం, రహస్యం, ద్రోహం. ‘ది ఫెన్సింగ్ మాస్టర్’లోని అదేలా, అలాత్రిస్తే కథల్లో ఇన్యిగో ప్రేమించే ఆంహెలికా ఇద్దరిలోనూ ఆ పోలిక కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మా అమ్మాయిలు దీన్ని వెంటనే పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. అందుకే వాళ్లకు ‘క్వీన్ ఆఫ్ ద సౌత్’ తప్పనిసరిగా ఇస్తాను. మెక్సికోలోని కులియకాన్‌లో తెరెసా మెందోసా ఫోను మోగడంతో కథ మొదలవుతుంది. ఆ మోతకు అర్థం తన మనిషి చచ్చిపోయాడని, ఇక తనవంతు అని. స్పెయిన్ చేరి, జైలుకు వెళ్లి, అక్కడ తోటి ఖైదీ ఇచ్చిన ‘కౌంట్ ఆఫ్ మాంటెక్రిస్టో’ చదువుతుంది. జీవితంలో ఆమె చదివిన మొదటి నవల అదే. తెరెసాకు లెక్కలు వచ్చు, పడవలు వచ్చు. మిలేడీ నీడ ఆమె మీద లేదు. ఆమె ఎవరి కూలీ నుంచి ఎవరి యజమాని అయ్యిందో అదే మూడు ప్రశ్నలతో వెతకండి. ఇక్కడ జవాబులు మిగతా పుస్తకాల కన్నా కఠినంగా వస్తాయి.

ఇతని ప్రభావం గురించి అడిగితే నేను రెండు సంగతులు చెబుతాను. కత్తుల కథలను పిల్లల పుస్తకాల అరలోకి నెట్టేసిన రోజుల్లో, స్పెయిన్‌లో వాటిని పెద్దల చేతుల్లోకి తిరిగి తెచ్చింది అలాత్రిస్తే. బళ్లలో కూడా చదివించారు. 2003లో స్పెయిన్ రాజ అకాడమీలో ‘టి’ పీఠం అందుకున్నప్పుడు ఆయన ప్రసంగం పదిహేడో శతాబ్దపు కత్తిరౌడీల మాటతీరు మీద. నిఘంటువు తయారుచేసే పెద్దల సభలో అలాత్రిస్తే భాష వినిపించింది. రెండోది, వెనక్కి తీసుకెళ్లే గుణం. ఈయన్ని చదివినవాళ్లు డ్యూమా దగ్గరికి, సముద్రపు కథల కాన్రాడ్ దగ్గరికి, స్పెయిన్ చరిత్రను 46 నవలలుగా రాసిన గల్దోస్ దగ్గరికి వెళతారు. ఆ గల్దోస్ వరుస ట్రఫాల్గర్ యుద్ధంతో మొదలవుతుంది. అదే యుద్ధం మీద పెరెజ్-రెవెర్తే 2004లో నవల రాశారు. వీలైతే రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

సినిమాలు చివర్లో చూడండి. ‘ది నైన్త్ గేట్’ ‘డ్యూమా క్లబ్’ నుంచి వచ్చిందే, కానీ అందులో డ్యూమానే లేడు, సైతాను దారి ఒక్కటే మిగిలింది. 2006 నాటి ‘అలాత్రిస్తే’లో విగో మోర్టెన్సెన్ నడక, మౌనం బాగుంటాయి. ఒకే సినిమాలో చాలా పుస్తకాలు కుక్కారు కాబట్టి చదవనివాళ్లకు కథ అందదు. చదివినవాళ్లు ఆఖరి రొక్రువా సన్నివేశం కోసం తప్పక చూడాలి. ఇక స్పానిష్ వచ్చినవాళ్లకు ఇంకో వరం ఉంది. ఏడో పుస్తకం 2011లో వెనిస్ కుట్రతో వచ్చింది. పద్నాలుగేళ్ల విరామం తర్వాత 2025లో ఎనిమిదో పుస్తకంలో కెప్టెన్‌ను పారిస్‌కు పంపారు, డ్యూమా వీరుల సొంత ఊరికి. మా విద్యార్థుల్లో ఇద్దరు దానికోసమే స్పానిష్ మొదలుపెట్టారు. వాళ్లకు నేనిచ్చిన మొదటి అభ్యాసం, అలాత్రిస్తే మొదటి పేజీని నిఘంటువు పక్కన పెట్టుకుని స్పానిష్‌లో చదవడం.